తెగింపు ఎవరిది? ఖరీదు ఎవరిది?

తెగించినవాడికి తెడ్డే లింగం అన్నది మనవాళ్లే. నిదానమే ప్రధానం అన్నదీ మనవాళ్లే. దిగితేగానీ లోతు తెలియదని ఒకరంటారు. లోతు తెలుసుకుని దిగమని మరొకరంటారు. అవసరాన్ని బట్టి ఏ మాట కావాలంటే ఆ మాట జేబులోంచి తీసి వాడుకోవడం మనకు అలవాటే. చిక్కల్లా, ఆ రెండు మాటలూ ఒకే ఇంట్లో, ఒకే రాత్రి, భోజనాల దగ్గర ఎదురుపడినప్పుడే!

క్రైస్తవ కుటుంబాల్లో ఈ గొడవ ఇంకాస్త బరువెక్కుతుంది. ఎందుకంటే అక్కడ ఒకరి మాట విశ్వాసం అయిపోతుంది, రెండోవారి మాట అవిశ్వాసం అయిపోతుంది. ఉద్యోగం వదిలేసి సేవలోకి వెళ్తానంటాడు భర్త. ఉన్న ఒక్క ఇల్లూ తాకట్టు పెట్టి మందిరం కట్టిద్దామంటాడు సంఘపెద్ద. షుగర్ మాత్రలు మానేసి ప్రార్థన మీదే ఆధారపడతానంటుంది అమ్మ. 'కాస్త ఆలోచిద్దాం' అన్నవాళ్లు ఆ ఇంట్లో దేవుణ్ని నమ్మనివాళ్లు. ఇక మాటేముంటుంది?

ఒక పాఠకురాలు రాసిన ఉత్తరం ఇలాంటిదే. భర్తది పద్నాలుగేళ్ల సర్వీసున్న ఉద్యోగం. ఇద్దరు పిల్లలు. ఇంటి లోను ఇంకా సగం కూడా తీరలేదు. వచ్చే నెలలో రాజీనామా చేసి, పీఎఫ్ డబ్బులతో సొంతూరిలో అనాథ పిల్లలకు ఆశ్రమం పెడతానంటున్నాడాయన. 'ఆయన మంచివాడండీ, అదే నా భయం' అని రాశారామె. 'నేను నోరెత్తితే లోతు భార్య వెనక్కి తిరిగి చూసినట్టు చూస్తున్నావంటారు. నాకు నిజంగానే విశ్వాసం లేదా?'

ఈ ప్రశ్నకు జవాబు వెతికే ముందు కొంచెం వెనక్కి వెళ్దాం.

బైబిలు ఏ పక్షం?

బైబిలు తెరిస్తే ఇద్దరికీ సాక్ష్యాలు దొరుకుతాయి. పడవ దిగి నీళ్ల మీద నడిచిన పేతురు ఉన్నాడు. అదే పుస్తకంలో, గోపురం కట్టబోయేవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా అని అడిగిన యేసూ ఉన్నాడు. ఇల్లు కట్టి చూడు అన్న మన సామెత తెలిసిన ఎవరికైనా ఆ కథ ఇట్టే అర్థమవుతుంది. పునాది వేసి ఆపేసిన కట్టడాన్ని చూసి దారినపోయేవాళ్లు నవ్వుతారని ఆయన చెప్పాడు.

యజమాని ఇచ్చిన తలాంతును పోతుందేమోనన్న భయంతో భూమిలో పాతిపెట్టినవాడికి చీవాట్లు పడ్డాయి. అతను దొంగ కాదు. ఒక్క కాసు కూడా వాడుకోలేదు. చాలా జాగ్రత్తపరుడు. అయినా తిట్లు తిన్నాడు! మరోపక్క, దేవాలయ శిఖరం మీద నిలబెట్టి 'దూకు, దూతలు పట్టుకుంటారు' అన్నమాట ఎవరిది? సాతానుది. పైగా లేఖనం చూపించి మరీ అన్నాడు. యేసు దూకలేదు. విశ్వాసం పేరుతో దూకమనేవాళ్లు చెప్పే మాటల్లో కూడా వాక్యాలుంటాయన్న సంగతి ఇక్కడే తెలిసిపోతుంది.

ఈ రెండింటినీ ఒకే మనిషిలో చూడాలంటే నెహెమ్యాను చూడాలి. పర్షియా రాజు కొలువులో పానపాత్ర అందించే ఉద్యోగం. రాజు నమ్మితేగానీ ఇవ్వని పని. యెరూషలేము గోడలు కూలిపోయి ఉన్నాయని తెలిసి ఏడ్చాడు, ఉపవాసమున్నాడు. కానీ మర్నాడే రాజీనామా చేయలేదు. నాలుగు నెలలు ఆగాడు. రాజు అడిగినప్పుడు, ఎన్నాళ్లలో తిరిగొస్తాడో గడువు చెప్పి మరీ సెలవు అడిగాడు. దారిలోని అధికారులకు ఉత్తరాలు, అడవి నుంచి కలప ఇప్పించడానికి ఆజ్ఞాపత్రం కూడా పుచ్చుకున్నాడు. యెరూషలేము చేరాక రాత్రిపూట కొద్దిమంది మనుషులతో తిరిగి, ఎక్కడెక్కడ గోడ పడిందో చూసుకున్నాడు. అప్పటిదాకా ఎవరికీ ఏమీ చెప్పలేదు. శత్రువులు బెదిరించినప్పుడు ప్రార్థన చేశాడు, కావలీ పెట్టాడు. రెండూ! ఆ మనిషిని పిరికివాడని ఎవరైనా అనగలరా?

ఒంగోలు కొండ మీద అయిదుగురు

అంత దూరం ఎందుకు, మన ఒంగోలు కథే చూద్దాం. క్రైస్తవులు కానివాళ్లకు కూడా ఇది తెలుగునాట జరిగిన చరిత్రే.

అమెరికన్ బాప్టిస్టులు 1836లో శామ్యూల్ డే ద్వారా తెలుగువారి మధ్య పని మొదలుపెట్టారు. 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. ఏళ్లు గడిచాయి. డబ్బు ఖర్చవుతోంది, ఆరోగ్యాలు పాడవుతున్నాయి, చేరినవాళ్లు మాత్రం అతి కొద్దిమంది. 1853లో న్యూయార్క్ రాష్ట్రంలోని ఆల్బనీలో సభ జరిగింది. నెల్లూరును మూసేద్దామా అన్నది చర్చ. ఆ మాట అన్నవాళ్లను తప్పుపట్టలేం. బర్మాలో వేలమంది చేరుతుంటే ఇక్కడ బూడిదలో పోసిన పన్నీరవుతోంటే, లెక్కలు తెలిసిన ఎవరైనా అదే అంటారు. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ అనే ఆయన ఆ రాత్రి ఒక పద్యం రాశాడు. మ్యాపులో ఒంటరిగా కనిపించే నెల్లూరును ఒంటరి నక్షత్రమన్నాడు. మూసేయాలన్న ఆలోచన ఆగిపోయింది. ఆ మిషన్‌కు 'లోన్ స్టార్' అన్న పేరు అలా మిగిలింది.

ఈ సంగతులు జరుగుతున్న రోజుల్లో నెల్లూరులో ఉన్నది లైమన్ జ్యూయెట్ దంపతులు. 1854 జనవరి 1న తెల్లవారుజామున వారిద్దరూ, క్రిస్టియన్ నర్సు, జూలియా, రూతు అనే ముగ్గురు తెలుగువాళ్లూ ఒంగోలు కొండెక్కి ప్రార్థించారు. ఒంగోలుకు ఒక మనిషిని పంపమని అడిగారు. మనిషి రావడానికి పదేళ్లకు పైగా పట్టింది!

1862లో జ్యూయెట్ ఆరోగ్యం చెడి అమెరికా వెళ్తే మళ్లీ అదే చర్చ. మూసేద్దామన్నారు. మీరు పంపకపోయినా నేను వెళ్తాను, అక్కడే బతుకుతాను, అవసరమైతే అక్కడే చస్తానన్నాడాయన. అలాగైతే నీకు సమాధి చేయడానికైనా ఒకరిని తోడు పంపాలిగా అన్నాడట మిషన్ కార్యదర్శి. అలా తోడు వచ్చినవాడే జాన్ క్లౌ. 1864 చివర్లో ఓడెక్కి, 1865లో నెల్లూరు చేరి, 1866లో ఒంగోలుకు మారాడు. మన పెద్దవాళ్లు 'క్లౌ దొర' అని చెప్పుకునేది ఈయన గురించే.

క్లౌ చదువుకునే రోజుల్లో సర్వేయర్ల దగ్గర పనిచేశాడు. భూమి కొలవడం, లెక్క కట్టడం తెలిసినవాడు. ఒంగోలులో మొదట బడి పెడితే పై కులాల పిల్లలు వచ్చారు. చుట్టుపక్కల ఊళ్ల మాదిగలు చేరడం మొదలవగానే పెద్దలు వచ్చి, వాళ్లను చేర్చుకుంటే మా పిల్లల్ని మానిపిస్తామన్నారు. మిషన్‌కు పరువు, అండ, రాబడి ఉన్నది అటువైపు. రాత్రి ఆలోచనలో పడి బైబిలు తెరిస్తే, లోకం తక్కువగా చూసేవాళ్లనే దేవుడు ఏర్పరచుకున్నాడని పౌలు కొరింథీయులకు రాసిన భాగం వచ్చిందనీ, భార్యకు కూడా విడిగా అదే భాగం తెరుచుకుందనీ క్లౌ రాసుకున్నాడు. బడి ఖాళీ అయింది. ఆయన మాదిగలవైపే నిలబడ్డాడు. ఇది తెగింపే.

ఆ తెగింపులో క్లౌ వాటా ఎంత, తెలుగువాళ్ల వాటా ఎంత అన్నది మాత్రం మన మిషన్ పుస్తకాల్లో అంతగా కనబడదు. క్లౌకు పోయింది బడి. తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్యకూ ఆయన వెంట వచ్చినవాళ్లకూ పోయింది కూడు. ఆదివారం పని చేయొద్దు, చచ్చిన పశువు మాంసం తినొద్దు, విగ్రహాలకు మొక్కొద్దు అన్నవి క్లౌ వాళ్లకు పెట్టిన నియమాలు. చెప్పుకోవడానికి మూడు ముక్కలే. కానీ తరతరాలుగా ఊరికి చేసే చాకిరీ, పండగలకు డప్పు కొట్టడం, దానికి బదులు ఏటా కొలిచే గింజలు, అన్నీ ఆ మూడు ముక్కలకే ముడిపడి ఉన్నాయి. పని ఇవ్వమన్నారు, నీళ్లు ముట్టుకోవద్దన్నారు. 1867 జనవరిలో తాళ్లకొండపాడులో చింతచెట్ల కింద అయిదు రోజులు కూర్చుని విని, ఇరవై ఎనిమిది మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఇరవై ఎనిమిది మందీ ఇంటికి వెళ్లి ఎదుర్కొన్నది, అమెరికాలో సభ పెట్టి తీర్మానం చేసినవాళ్లు ఎన్నడూ ఎదుర్కోనిది.

కాలువ పని, ఖాళీ రిజిస్టరు

తర్వాత కరువొచ్చింది. 1876 నుంచి 78 దాకా మద్రాసు రాజధాని అంతటా లక్షలమంది ప్రాణాలు తీసిన కరువది. ప్రభుత్వం కూలి పనుల కింద బకింగ్‌హామ్ కాలువ తవ్విస్తోంది. మాదిగలు కూలికి వెళ్తే పైన మేస్త్రీలు కొట్టేవారు, తిట్టేవారు, కొలతల్లో మోసం చేసేవారు. క్లౌ ఏం చేశాడు? మూడున్నర మైళ్ల కాలువ పని తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. పాత సర్వే చదువు అక్కరకొచ్చింది. తన బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. వేలమంది అక్కడ మట్టి తవ్వి కూలి తీసుకుని బతికారు. ధర్మసత్రం కాదు, గంజికేంద్రం కాదు. కొలిచిన పనికి కొలిచిన కూలి.

విరామంలో బోధకులు చెప్పే మాటలు విని జనం బాప్తిస్మం ఇవ్వమని అడిగారు. ఆయన కుదరదన్నాడు! కూడు దొరికేచోట మతం పుచ్చుకుంటే అది కూటి కోసమా, మనసు కోసమా అని ఎవరికీ తెలియదు. తీసుకునేవాడికే తెలియకపోవచ్చు. కరువు కాలంలో ఏడాదికి పైగా ఒక్కరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. ఏ మిషన్ అయితే అంకెలు లేవని రెండుసార్లు మూతపడబోయిందో, అంకెలు వచ్చి గుమ్మంలో నిలబడితే వాటిని ఆపింది కూడా అదే మిషన్.

సాయం పనులు ముగిశాక 1878 జూన్‌లో, ఇక పంచడానికి ఏమీ లేదని చెప్పడానికి గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర తనవాళ్లను రమ్మన్నాడు. రమ్మన్నవాళ్లూ వచ్చారు, వద్దన్నవాళ్లూ వచ్చారు. మాకు రూపాయి వద్దు, గడ్డపారతో సంపాదించుకుని తిన్నాం, బాప్తిస్మం ఇవ్వండి అన్నారు. ఊరూరా బోధకులు ఒక్కొక్కరి గురించీ విచారించి పేర్లు రాశారు. జులై 2న 614 మంది, 3న 2,222 మంది, 4న 700 మంది, మొత్తం మూడు రోజుల్లో 3,536 మంది నదిలో దిగారు. బాప్తిస్మం ఇచ్చింది క్లౌ కాదు. ఆరుగురు తెలుగు బోధకులు, ఇద్దరిద్దరు చొప్పున వంతులేసుకుని ఇచ్చారు. ఆ ఏడాది చివరికి లెక్క 9,606కు చేరింది.

అందరూ చెప్పుకునేది 2,222 గురించే. పెంతెకొస్తు దినంతో పోల్చి చెబుతుంటారు. నన్నడిగితే అంతకు ముందున్న ఆ సున్నాలే గొప్పవి. చేతిలో కూలి డబ్బులు, ఎదురుగా ఆకలితో ఉన్న వేలమంది, వెనక అంకెల కోసం ఎదురుచూసే అమెరికా. ఆ స్థితిలో రిజిస్టరు ఖాళీగా ఉంచడం కొండెక్కి ప్రార్థించడం కంటే కష్టం. కాలువ కాంట్రాక్టు తీసుకోవడం సాహసం. నష్టమొస్తే అది తన నెత్తినే పడుతుంది కాబట్టి తీసుకున్నాడు. తొందరపడి బాప్తిస్మాలిస్తే? రేపు నిందలూ అవమానాలూ ఆ పేదల నెత్తిన పడతాయి. కాబట్టి ఆగాడు. మనిషి ఒక్కడే. తన వంతు నష్టం దగ్గర తెగించాడు, ఎదుటివాళ్ల నష్టం దగ్గర నిదానించాడు.

తెగులొచ్చినప్పుడు

ఇదే లెక్క 1527లో మార్టిన్ లూథర్ కూడా వేశాడు. విట్టెన్‌బర్గ్‌లో ప్లేగు వచ్చింది. ఊరొదిలి పారిపోవచ్చా అని బ్రెస్లావ్ పాదిరులు అడిగితే ఆయన పెద్ద ఉత్తరమే రాశాడు. రోగుల్ని చూసుకునే బాధ్యత ఉన్నవాళ్లు, పాదిరులు, ఊరిపెద్దలు కదలకూడదన్నాడు. ఆ బాధ్యత లేనివాళ్లు, తమమీద ఆధారపడినవాళ్లను గాలికి వదలకుండా, వెళ్లిపోతే తప్పులేదన్నాడు. మందు వాడండి, ఇంట్లో పొగ వేయండి, అవసరం లేనిచోటికి పోకండి, మీవల్ల ఇంకొకరికి అంటితే ఆ పాపం మీదేనన్నాడు. తానుమాత్రం గర్భవతిగా ఉన్న భార్యతో ఊళ్లోనే ఉండి రోగుల్ని ఇంట్లో పెట్టుకున్నాడు.

2020లో మనకు ఈ ఉత్తరం బాగా పనికొచ్చేది. మూతికి గుడ్డ కట్టుకోవడం అవిశ్వాసమన్నవాళ్లూ ఉన్నారు, అంబులెన్సు రానిచోట శవాలు మోసిన యువకులూ ఉన్నారు. ఇద్దరూ ప్రాణానికి తెగించినట్టే కనిపిస్తారు. మొదటివాడు పక్కవాడి ప్రాణంతో తెగించాడు. రెండోవాడు తన ప్రాణంతో.

ఇంతకీ ఆ ఉత్తరం

ఇప్పుడు ఆ పాఠకురాలి దగ్గరకు వద్దాం. అమ్మా, మీకు విశ్వాసం లేదని ఎవరూ తేల్చలేరు. మీ భర్త పిలుపు అబద్ధమని కూడా మేం అనం. నడివయసులో భద్రమైన పని వదిలి వచ్చినవాళ్లు మన చరిత్రలో ఉన్నారు. తమిళుడైన వి.ఎస్. అజరయ్య వైఎంసీఏలో పేరున్న కార్యదర్శి. 1909లో, ముప్పై అయిదేళ్ల వయసులో దోర్నకల్ వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్పయ్యారు. కానీ అది రాత్రికి రాత్రి చేసింది కాదు. ఆయనా మిత్రులూ కలిసి తిరునెల్వేలిలో మిషనరీ సొసైటీ పెట్టింది 1903లో. ముందు మనుషుల్ని పంపారు, కానుకలు పోగుచేశారు, పని నిలబడుతుందో లేదో చూశారు. తర్వాతే ఆయన కదిలారు. మధ్యలో ఆరేళ్లున్నాయి.

మీ ఇంట్లో తెగించేది ఆయనే కావచ్చు, ఖరీదు కట్టేది నలుగురు. పిల్లల ఫీజు, బ్యాంకు వాయిదా, రేపు మీ ఇద్దరి వృద్ధాప్యం, అన్నీ ఆ పీఎఫ్‌లోనే ఉన్నాయి. ఆ నలుగురిలో మీరు ఒప్పుకోకుండా ఆ సొమ్ము తీయడం త్యాగమవ్వదు. ఒకరి త్యాగం ఇంకొకరు చేయలేరు. ఈ మాట ఆయనకు చెప్పడానికి పాస్టర్‌గారి సాయం తీసుకోండి. ఆ పాస్టర్‌గారు కూడా రాజీనామాయే మంచిదంటే, నెలనెలా ఆయన సంఘం ఎంత సాయం చేయగలదో కాగితం మీద రాసివ్వమనండి. సగం ఉత్సాహాలు అక్కడే చల్లబడతాయి.

ఇంకో ప్రశ్న ఆయనే తనను తాను వేసుకోవాలి. ఆఫీసులో పైవాడితో పడక, ప్రమోషన్ రాక పుట్టిన పిలుపా ఇది? నెహెమ్యా తనకు నచ్చని కొలువు నుంచి బయటపడటానికి గోడ కట్టలేదు.

అనాథాశ్రమం మాటకొస్తే ఇక్కడ వంటింటి ఖర్చుల కంటే పెద్ద లెక్క ఒకటుంది. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం అలాంటి పిల్లల్ని ఉంచుకునే ఏ సంస్థ అయినా రిజిస్టర్ కావాల్సిందే. లేకుండా నడిపితే ఏడాది దాకా జైలు, లక్ష రూపాయలకు తగ్గని జరిమానా, లేదా రెండూ పడవచ్చు. పిల్లల్ని సొంతంగా తెచ్చి పెట్టుకోవడానికి వీల్లేదు, బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలి. విదేశాల నుంచి కానుకలు తీసుకోవాలంటే దానికి వేరే రిజిస్ట్రేషన్. ఇవేవీ చూసుకోకుండా మంచి మనసొక్కటే పెట్టుబడిగా మొదలైన ఆశ్రమాలు మూతపడితే పెట్టినాయన ఇంటికి వెళ్లిపోతాడు. ఆ పిల్లలు రెండోసారి అనాథలవుతారు. వాళ్లను ఎవరూ అడిగి తేలేదు. ఖరీదు కట్టేవాళ్ల జాబితాలో మీ నలుగురి తర్వాత వాళ్లను కూడా వేసుకోమనండి.

మీకూ ఒక మాట. ఆయన్ను ఆపడమే మీ గెలుపు అనుకోవద్దు. తలాంతు పాతిపెట్టినవాడు కూడా జాగ్రత్తపరుడినని చెప్పుకున్నాడు. ఆయనలో ఆ కోరిక నిజమైతే దాన్ని పాతరేస్తే పదేళ్ల తర్వాత మీ ఇంట్లో వేరే రూపంలో బయటికొస్తుంది. ఒక చిన్న పని ఇప్పుడే మొదలుపెట్టడానికి రాజీనామా అక్కర్లేదు. మీ జిల్లాలో ఇప్పటికే రిజిస్టరై నడుస్తున్న పిల్లల గృహం ఏదో జిల్లా బాలల సంరక్షణ విభాగంలో కనుక్కోండి. అనుమతి తీసుకుని ఏడాదిపాటు ప్రతి ఆదివారం సాయంత్రం ఇద్దరూ కలిసి వెళ్లండి. పిల్లలకు లెక్కలు చెప్పడం, జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకెళ్లడం, వార్డెను సెలవు పెట్టిన రోజు వంట దగ్గర నిలబడటం, ఇలాంటి పనులు చేసి చూడండి. ఏడాది తర్వాత కూడా ఆయన కళ్లలో ఆ వెలుగు ఉంటే, అప్పుడు జీతం లేని సెలవు ఎన్నాళ్లు దొరుకుతుందో ఆఫీసులో అడగమనండి. గడువు చెప్పి సెలవు అడగమనండి, నెహెమ్యాలాగే. అప్పటికి లోను ఎంత మిగిలి ఉంటుందో బ్యాంకు స్టేట్‌మెంటు మీరు తెప్పించి దగ్గర పెట్టుకోండి.